రచయిత పోయాక రచనలు ఎక్కడ దాచాలి: సొంత సైటా, బ్లాగా, ఆర్కైవా, వికీసోర్సా?

ఒక రచయిత పోయాక సంస్మరణ సభలో ఎవరో ఒకరు లేచి "వారి రచనలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేయాలండీ" అంటారు, అందరూ అవునవునంటారు. ఆ తర్వాత చాలా ఇళ్ళల్లో జరిగేది ఒకటే. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకో మనవరాలో రచయిత పేరు మీద ఒక డొమైన్ (సైటు చిరునామా) కొంటారు, ఒక ఫోటో, జీవిత విశేషాలు, నాలుగైదు కథలు పెడతారు, మొదటి వర్ధంతి దాకా ఉత్సాహం ఉంటుంది, ఆ తర్వాత క్రెడిట్ కార్డు మారి రెన్యువల్ ఆగిపోతుంది, సైటు తెరుచుకోదు. పుస్తకాలు మాత్రం బీరువాలో స్కాన్ కాకుండా అలాగే ఉంటాయి, పురుగు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సొంత వెబ్‌సైటు అన్నిటికంటే చివర చేయాల్సిన పని. ముందు పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో చేరాలి, హక్కులు కుదిరితే టెక్స్టు తెలుగు వికీసోర్స్‌లోకి (అచ్చయిన పుస్తకాలను టైపు రూపంలో ఉచితంగా చదివించే సైటు) వెళ్ళాలి, ఈ రెండూ అయ్యాక ఓపికా డబ్బూ మిగిలితే అప్పుడు సైటు. అందరికీ ఇదే వరస సరిపోదు, ఎవరికి ఎక్కడ మారుతుందో కింద చెబుతాను.

ఈ మొత్తం వ్యవహారంలో రెండు వేరు వేరు పనులున్నాయి, దాచడం ఒకటి, చదివించడం ఇంకొకటి. ఫేస్‌బుక్ పేజీ చదివిస్తుంది గానీ దాచదు. ఆర్కైవ్ దాస్తుంది గానీ పాఠకులు వాళ్ళంతట వాళ్ళు అక్కడికి నడిచి రారు. ఈ రెండిటినీ కలిపేసి ఒకే చోటు కోసం వెతకడం వల్లే సగం టెన్షన్. దాచే చోటు ఒకటి, చదివించే చోటు ఒకటి అనుకుంటే ఎంపిక తేలికవుతుంది.

హక్కుల సంగతి తేలకుండా ఏదీ పెట్టకండి

మన దేశంలో కాపీరైటు రచయిత బతికినంత కాలం, ఆ పైన 60 ఏళ్ళు. లెక్క మొదలయ్యేది పోయిన రోజు నుంచి కాదు, ఆ తర్వాత వచ్చే జనవరి 1 నుంచి. 1992 సవరణకు ముందు ఇది 50 ఏళ్ళే ఉండేది. ఈ లెక్కన 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, 1962లో పోయిన గోపీచంద్ తమ జీవితకాలంలో అచ్చువేసినవన్నీ ఎవరైనా స్వేచ్ఛగా పెట్టుకోవచ్చు. 1965లో పోయిన మల్లాది రామకృష్ణశాస్త్రికి గడువు 2025 డిసెంబరుతో సరి. 1966లో పోయిన కవి దేవరకొండ బాలగంగాధర తిలక్‌కి 2026 డిసెంబరు. చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరిదాకా, శ్రీశ్రీ 1983 కాబట్టి 2043 చివరిదాకా, రావిశాస్త్రి 1993 కాబట్టి 2053 చివరిదాకా ఆగాలి, లేదా వారసుల అనుమతి ఉండాలి. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన వాటికి లెక్క వేరు, అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. డైరీలు, ఉత్తరాలు, సగంలో ఆగిన నవలల విషయంలో ఇది గుర్తుపెట్టుకోవాలి.

గడువు తీరని రచయిత అయితే హక్కు వారసులందరిదీ. పెద్దకొడుకు ఒక్కడు "పెట్టేయండి" అంటే చాలదు. వీలునామా ఉంటే అందులో రచనల గురించి ఏం రాశారో చూడండి. లేకపోతే భార్య లేదా భర్త, కొడుకులు, కూతుళ్ళు అందరి సంతకాలతో ఒక కాగితం రాయించుకోండి. పెళ్ళయి వెళ్ళిపోయిన కూతుళ్ళను ఈ విషయంలో మర్చిపోవడం మన దగ్గర మామూలైపోయింది. చట్టం వాళ్ళను మర్చిపోదు, పైగా తండ్రి రాతల మీద ప్రేమతో పనంతా నెత్తిన వేసుకునేది చాలాసార్లు వాళ్ళే.

తర్వాత ప్రచురణకర్త. మన రచయితల్లో చాలామంది సొంత డబ్బుతో వేసుకున్నవాళ్ళే, లోపలి పేజీలో "సర్వహక్కులు రచయితవి" అని ఉంటుంది, అలా ఉంటే మీకు సగం పని తప్పినట్టే. ప్రచురణ సంస్థ వేసిన పుస్తకమైతే ఒప్పందం కాగితం వెతకండి. హక్కు బదిలీ చేస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. 1994 సవరణ తర్వాత రాసుకున్న ఒప్పందాల్లో ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే చూస్తుంది. అయినా సరే, ఆ పుస్తకం ఇంకా షాపుల్లో అమ్ముడవుతుంటే ప్రచురణకర్తకు ఫోన్ చేసి చెప్పి చేయడమే మర్యాద, తర్వాత గొడవలూ ఉండవు.

ఇక అందరూ జారిపడే చోటు ఇది. పుస్తకంలో ఉన్నదంతా ఆ రచయితది కాదు. తెలుగు పుస్తకానికి ముందుమాటలు రెండు మూడు ఉంటాయి, అవి రాసినవాళ్ళవి. ముఖచిత్రం మీద హక్కు చిత్రకారుడిదో, డబ్బిచ్చి వేయించుకున్నవారిదో అవుతుంది గానీ రచయిత వారసులది కాకపోవచ్చు. బాపు 2014లో పోయారు, ఆయన బొమ్మల మీద హక్కు 2074 చివరిదాకా ఉంటుంది. ఉత్తరాల సంగతి ఇంకా తిరకాసు. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని రాత మీద హక్కు రాసినవారిది. అంటే మీ నాన్నగారికి వేరే రచయితలు రాసిన ఉత్తరాలు మీ బీరువాలో ఉన్నా సరే, మీ ఇష్టానికి నెట్‌లో పెట్టడానికి లేదు. పైగా వాటిలో బతికున్నవాళ్ళ సంసారాల గురించి, అప్పుల గురించి, జబ్బుల గురించి ఉంటుంది. స్కాన్ చేసి భద్రంగా దాచండి, బయట పెట్టడానికి తొందరేమీ లేదు.

పత్రికలో ఉద్యోగం చేసిన రచయితలది ఇంకో లెక్క. ఉద్యోగంలో భాగంగా రాసినవాటిని పత్రికల్లో వేసుకునే హక్కు యాజమాన్యానిది, మిగతా హక్కులు, వేరే ఒప్పందం లేకపోతే, రచయితవే. కాబట్టి నాన్నగారి సంపాదకీయాలను పుస్తకంగా వేయొచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఆయన నియామక పత్రంలో ఉంటుంది. అది దొరక్కపోతే లాయరును ఒకసారి అడగడం మంచిది.

ఏ అనుమతీ అక్కర్లేని పని ఒకటుంది

అది రచనల జాబితా. ఏ కథ, ఏ పత్రికలో, ఏ తేదీన, ఏ కలం పేరుతో, తర్వాత ఏ సంపుటిలో చేరింది. దీనికి ఎవరి సంతకమూ అవసరం లేదు, వారసులు కొట్టుకుంటున్నా చేయొచ్చు, అభిమాని అయినా చేయొచ్చు. నన్నడిగితే పది కథలు టైపు చేసి పెట్టడం కంటే పూర్తి జాబితా ఒక్కటి పెట్టడం ఎక్కువ మేలు, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్ళు ఏది దొరికింది, ఏది దొరకలేదు అన్నది దాన్ని బట్టే తెలుసుకుంటారు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ నడిపారు, అందులో పేరు లేకుండా రాశారు, బయట పత్రికల్లో మారుపేర్లతోనూ రాశారు. ఆయన స్థాయి కాకపోయినా మన రచయితలందరికీ ఇలాంటి చీకటి మూలలు ఉంటాయి, ఆ మూలలు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. భార్యను, పాత స్నేహితులను కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి.

కథలకైతే మొదట చూడాల్సిన చోటు కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన ఈ గ్రంథాలయం వెబ్‌సైటులో రచయిత పేరుతో వెతికితే ఏ కథ ఎప్పుడు ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది, చాలా కథలకు పత్రిక పేజీల స్కాన్లు కూడా ఉన్నాయి. మీ దగ్గర ఉండి వాళ్ళ దగ్గర లేని పత్రిక సంచిక ఏదైనా ఉంటే వాళ్ళకు పంపడం కూడా ఈ పనిలో భాగమే.

ఇప్పుడు ఒక్కొక్క చోటు గురించి

ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపు. త్వరగా మనుషుల్ని చేరుతాయి, జయంతికి ఒక కవిత పెడితే వందమంది చదువుతారు. ఆర్నెల్ల తర్వాత అదే కవిత వెతకండి, దొరకదు. వీటిని చాటింపుకు వాడండి, దాచడానికి వద్దు, అంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఉచిత బ్లాగు. దీన్ని తక్కువగా చూస్తారు గానీ నాకు గౌరవమే. తెలుగు బ్లాగులు జోరుగా ఉన్న రోజుల్లో రాసిన బ్లాగ్‌స్పాట్ పేజీలు ఇవాళ్టికీ చాలా తెరుచుకుంటాయి, అదే కాలంలో డబ్బులు పెట్టి కట్టిన సొంత సైట్లు ఎన్నో పోయాయి. కారణం సింపుల్, ఏటా డబ్బు కట్టక్కర్లేదు. బలహీనత ఏమిటంటే బ్లాగు ఒక గూగుల్ ఖాతాకు వేలాడుతూ ఉంటుంది, రెండేళ్ళు ఆ ఖాతా ఎవరూ వాడకపోతే గూగుల్ దాన్ని తీసేయవచ్చు. కాబట్టి ఒకరి సొంత మెయిల్‌తో కాకుండా దీనికోసమే ఒక ఖాతా తెరిచి, ఇద్దరు ముగ్గురిని అడ్మిన్లుగా చేర్చి, ఏడాదికోసారి బ్యాకప్ ఫైలు దింపుకోండి. సంస్థలు కూడా తలుపులు మూస్తాయని మర్చిపోకూడదు. ఉచితంగా సొంత పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. యాహూ గ్రూపుల పాత సందేశాలు 2019 చివర్లో తీసేశారు, రచ్చబండ లాంటి గ్రూపుల్లో తెలుగు సాహిత్యం మీద ఎన్నేళ్ళ చర్చలు సాగాయో చదివినవాళ్ళకు తెలుసు.

సొంత సైటు. అందం దీనికే ఉంటుంది. మీకు నచ్చిన వరసలో, మంచి ఫాంటులో, ఫోటోలతో, ఆడియోతో పెట్టుకోవచ్చు. ఆ రచయితకంటూ ఒక చిరునామా ఉందన్న తృప్తి కూడా చిన్నదేమీ కాదు. కానీ డొమైన్‌కి ఎంత ముందుగా కట్టినా పదేళ్ళకు మించి కట్టనివ్వరు, హోస్టింగు (సైటు ఫైళ్ళు నెట్‌లో ఉంచే చోటు) ఖర్చు వేరు, వర్డ్‌ప్రెస్ లాంటిది వేస్తే అప్‌డేట్లు చేస్తూ ఉండాలి, చేయకపోతే హ్యాకింగు. గడువు తప్పిన డొమైన్‌ను ఎవరో కొనుక్కుని రచయిత పేరు మీద బెట్టింగ్ ప్రకటనలు నడిపిస్తే ఆ కుటుంబానికి ఎంత బాధో ఆలోచించండి. వర్డ్‌ప్రెస్.కామ్ వాళ్ళు 2023లో వందేళ్ళ ప్లాన్ అని ఒకటి తెచ్చారు, ధర 38,000 డాలర్లు. అంత పెట్టగలిగినవాళ్ళు ఆ డబ్బుతో సంపూర్ణ సంపుటాలు అచ్చువేసి గ్రంథాలయాలకు పంచితే ఇంకా మేలని నా లెక్క.

సైటు పెట్టాలనే అనుకుంటే సాదా హెచ్‌టీఎంఎల్ పేజీలతో కట్టించండి. డేటాబేసు లేని సైటు చెడిపోయేది తక్కువ, ఫోల్డరు కాపీ చేస్తే సైటు మొత్తం చేతిలో ఉన్నట్టే. పేజీలన్నీ వెబ్‌పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో భద్రం చేయించండి, రేపు డొమైన్ పోయినా పాత చిరునామాతో అక్కడ దొరుకుతాయి. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక పాత సంచికలు ఇప్పటికీ చదవగలుగుతున్నామంటే ఏళ్ళ తరబడి కొందరు మనుషులు దాన్ని పట్టుకుని, యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు కనిపించే పద్ధతి) మార్చుకుని నడపబట్టే. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారా, వారి తర్వాత ఎవరు, ఈ రెండు ప్రశ్నలకు పేర్లతో సహా జవాబు చెప్పగలిగితేనే డొమైన్ కొనండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ, ఉచితం, మెయిల్‌తో ఖాతా తెరిస్తే ఎంత పెద్ద పీడీఎఫ్ అయినా ఎక్కించవచ్చు, ఆడియో, వీడియో కూడా. మన తెలుగువాళ్ళకు దీని విలువ ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, కొన్నేళ్ళకు ఆ సైటు తెరుచుకోవడం మానేసింది, అప్పటికే ఆ పుస్తకాలు ఆర్కైవ్‌లోకి చేరి ఉండబట్టి ఇవాళ మనం చదువుకుంటున్నాం. కాబట్టి స్కానింగ్ మొదలుపెట్టే ముందు మీ రచయిత పుస్తకం అక్కడ ఇప్పటికే ఉందేమో చూడండి. తెలుగు లిపిలో వెతికి వదిలేయకండి, ఆ స్కాన్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా రాసి ఉంటాయి, శ్రీపాద అన్న పేరునే దీర్ఘాలు మార్చి నాలుగైదు రకాలుగా వెతకాల్సి వస్తుంది.

ఇదే తప్పు మీరు చేయకుండా ఉంటే ఆర్కైవ్ చాలా గొప్ప చోటు. పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఇవ్వండి, ముద్రణ సంవత్సరం, ప్రచురణకర్త, ఎన్నో ముద్రణ, భాష తెలుగు అని నింపండి, వివరణ పెట్టెలో విషయసూచిక మొత్తం టైపు చేయండి. ఆ విషయసూచిక ఉంటే కథ పేరు వెతికినవాళ్ళకు కూడా పుస్తకం దొరుకుతుంది, లేకపోతే "కథలు – రెండో భాగం" అన్న పేరుతో అనాథలా పడి ఉంటుంది. లైసెన్సు కూడా మీరే ఎంచుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదు అన్న షరతు పెట్టుకోవడానికి ఇక్కడ వీలుంది. లోటు లేదని కాదు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు ఆర్కైవ్ మూతపడింది, ఎంత పెద్దదైనా అది ఒక్క సంస్థే. అసలు ఫైళ్ళు మీ దగ్గర ఒక హార్డ్‌డిస్కులో, వేరే ఊళ్ళో ఉన్న అన్నయ్య దగ్గరో చెల్లెలి దగ్గరో ఇంకో డిస్కులో ఉండాలి. పెన్‌డ్రైవ్, సీడీ మీద నమ్మకం పెట్టుకోకండి.

స్కాన్ గురించి రెండు మాటలు. మామూలు అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) చాలు, చేతిరాతకూ చిన్న అక్షరాలకూ 400 పైన పెట్టండి, చేతిరాత ప్రతులు రంగులోనే చేయండి, ఎందుకంటే ఏ సిరాతో ఎప్పుడు దిద్దారో రంగు చెబుతుంది. ఫోన్ కెమెరాతో కూడా బాగానే వస్తుంది, వెలుతురు సమానంగా పడి పేజీ వంగకుండా ఉంటే చాలు. పిన్నులు తీసేయండి, సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలు వద్దు. స్కాన్ అయిపోయింది కదా అని అసలు ప్రతులు పాత కాగితాలవాడికి వేయడం ఘోరం. ఇంట్లో చోటు లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల అడగండి.

తెలుగు వికీసోర్స్. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు, అన్నిటికంటే కష్టమైనది కూడా. ఇక్కడ స్కాను ఒక పక్క, టెక్స్టు ఒక పక్క ఉంటాయి. ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మార్చే సాఫ్ట్‌వేర్) వచ్చిన టెక్స్టును పేజీ పేజీ చూసి దిద్దుతారు, దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దింది పసుపు, రెండో మనిషి సరిచూసింది ఆకుపచ్చ. పాత సీసపు అచ్చు పుస్తకాలైతే ఓసీఆర్ ఘ, ఝ దగ్గర, మ, య దగ్గర, అరసున్నల దగ్గర తడబడుతుంది, ఓపిక కావాలి. కానీ ఒకసారి పూర్తయ్యాక దానికి సాటి లేదు. గూగుల్‌లో వాక్యం కొడితే పుస్తకంలో ఆ పేజీ తెరుచుకుంటుంది, ఈపబ్‌గా దింపుకుని ఫోన్‌లో చదువుకోవచ్చు, చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వినొచ్చు. స్కాన్ పీడీఎఫ్ వాళ్ళకు ఖాళీ కాగితమే కదా.

షరతులు కూడా గట్టివే. ముందెప్పుడో ప్రచురితమైన పుస్తకమే అయి ఉండాలి, అచ్చుకాని నవల ఇక్కడికి తేకూడదు. గడువు తీరిన రచయిత అయితే నేరుగా పెట్టవచ్చు. తీరకపోతే వారసులు ఆ పుస్తకాన్ని సీసీ బై-ఎస్‌ఏ (రచయిత పేరు చెప్పి, ఇవే షరతులతో ఎవరైనా వాడుకోవచ్చు అనేది) లాంటి స్వేచ్ఛా లైసెన్సులో విడుదల చేస్తున్నట్టు మెయిల్ ద్వారా వికీమీడియా వాళ్ళకు తెలియజేయాలి. వ్యాపారానికి వాడకూడదు అన్న షరతు ఇక్కడ కుదరదు. అంటే రేపు ఎవరైనా పేరు చెప్పి అదే పుస్తకం అచ్చేసి అమ్ముకోవచ్చు, మీకు రూపాయి ఇవ్వక్కర్లేదు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. ఇది విని కుటుంబాలు జంకుతాయి, జంకడంలో తప్పులేదు. నేను అడిగేది ఒకటే: ఆ పుస్తకం ఆఖరి ముద్రణ ఎప్పుడు వచ్చింది, దాని మీద ఇంటికి ఎంత వచ్చింది? ఇరవై ఏళ్ళుగా ఎక్కడా దొరకని పుస్తకాన్ని ఎవరైనా అచ్చేస్తామంటే అది నష్టం ఎలా అవుతుంది? అమ్ముడవుతున్న ఒకటి రెండు పుస్తకాలు మీ దగ్గరే ఉంచుకుని, దొరకనివి ఇవ్వండి. పుస్తకం పుస్తకానికీ విడిగా నిర్ణయించుకునే వీలుంది, అన్నీ ఇవ్వాలని ఎవరూ అనరు.

పక్క భాషలవాళ్ళు ఈ పని చేసి చూపించారు. కన్నడ రచయిత నిరంజన పుస్తకాలు 50కి పైగా 2014లో కుటుంబం స్వేచ్ఛా లైసెన్సులో విడుదల చేసింది. తమిళనాడులో కవి సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను 1949లోనే ప్రభుత్వం తీసుకుని, తర్వాత ప్రజలపరం చేసింది, ఆ తర్వాత ఎందరో రచయితల వారసులకు డబ్బిచ్చి హక్కులు తీసుకుని అందరికీ వదిలేసింది. మన రెండు ప్రభుత్వాలూ అలాంటి పని తలకెత్తుకోవాలని నాకు గట్టిగా ఉంది, అందాకా భారం కుటుంబాలదే.

వికీపీడియాకూ వికీసోర్స్‌కూ తేడా తెలియక చాలామంది కథలు తీసుకెళ్ళి వికీపీడియాలో పెడతారు, అవి తొలగిపోతాయి. వికీపీడియాలో ఉండేది రచయిత గురించిన వ్యాసం, అదీ వేరేవాళ్ళు రాసిన ఆధారాలతో. ఇంటివాళ్ళు తామే రాసుకోవడం బాగోదు కూడా. మీరు చేయగలిగిన మంచి పని ఒక ఫోటో ఇవ్వడం, మీరే తీసిన ఫోటో అయితే చిక్కే లేదు. చాలామంది తెలుగు రచయితల పేజీల్లో మొహం లేదు.

ఈపుస్తకాలు, ఆడియో. పుస్తకానికి ఇంకా పాఠకులున్నారు అనుకుంటే గూగుల్ ప్లే బుక్స్ లాంటి చోట అమ్మకానికి పెట్టండి, దాసుభాషితం లాంటి ఆడియో వేదికలతో మాట్లాడండి. డబ్బు పెద్దగా రాదు, కొత్తతరం మాత్రం చెవులతో చదువుతోంది. అయితే అమ్మకం ఒప్పందంలో "ప్రత్యేక హక్కులు" అన్న మాట ఉంటే రెండుసార్లు చదవండి, దానికి సంతకం పెడితే ఆ పుస్తకాన్ని మీరే ఇంకెక్కడా పెట్టుకోలేని పరిస్థితి రావచ్చు.

నెట్‌లో మాత్రమే రాసి వెళ్ళిపోయినవాళ్ళు

వీళ్ళ సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. పాత రచయితకు కనీసం ఎక్కడో ఒక గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంటుంది. 2006 తర్వాత బ్లాగుల్లో, ఆ తర్వాత ఫేస్‌బుక్‌లో రాసినవాళ్ళకు కాగితమే లేదు. ఇలాంటి రచయిత పోతే ఇక్కడ చెప్పిన వరస తిరగబడుతుంది, జాబితా, లైసెన్సు తర్వాత, కాపీ ముందు. అదే వారం మొదలుపెట్టండి. బ్లాగు పేజీలను వేబ్యాక్ మెషిన్‌లో భద్రం చేయండి. ఖాతా మీ చేతిలో ఉంటే ఖాతాలో ఉన్నదంతా దింపుకోనిచ్చే గూగుల్ టేకౌట్‌తో, ఫేస్‌బుక్ డౌన్‌లోడ్ సదుపాయంతో మొత్తం దింపుకోండి. పాస్‌వర్డు తెలియకపోతే ఫేస్‌బుక్‌లో ఆ మనిషి బతికుండగా లెగసీ కాంటాక్ట్‌గా (తను పోయాక ఖాతా చూసుకునే మనిషిగా) ఎవరినైనా పెట్టారేమో చూడాలి, పెట్టకపోతే అందరికీ కనిపించే పోస్టులను చేత్తో కాపీ చేసుకోవడమే దారి, స్నేహితులు నలుగురు పంచుకుంటే అయ్యే పనే. తేదీలు తప్పకుండా రాసుకోండి. కింద ఉన్న కామెంట్లు మాత్రం వేరేవాళ్ళ రాతలు, వాటిని పుస్తకంలో వేయాలంటే వాళ్ళను అడగాలి.

పుస్తకం డీటీపీ చేసిన (అచ్చుకోసం కంప్యూటర్లో కూర్చిన) ఫైలు ఉంటే అదొక నిధి, కానీ తాళం వేసిన నిధి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలు యూనికోడ్ కాదు, మామూలు కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, అయినా మొదటి నుంచి టైపు చేయడం కంటే ఎన్నో రెట్లు నయం. డీటీపీ ఆపరేటర్ దుకాణం మూసేయకముందే వెళ్ళి ఫైలూ, దానితోపాటు పీడీఎఫ్ కూడా అడిగి తెచ్చుకోండి.

మరి మీకేది?

గడువు తీరిన రచయిత అయితే ఆలోచించాల్సిందేమీ లేదు, ఆర్కైవ్‌లో స్కాను, వికీసోర్స్‌లో టెక్స్టు, రెండూ. గడువు తీరలేదు, పుస్తకాలు దొరకడం లేదు, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు అనుకుంటే ఆర్కైవ్‌లో మీకు నచ్చిన లైసెన్సుతో అన్నీ పెట్టి, మీ మనసు ఒప్పిన రెండు మూడు పుస్తకాలు వికీసోర్స్‌కి ఇవ్వండి, ఉచిత బ్లాగులో జాబితా పెట్టి అక్కడి నుంచి ఒక్కొక్క పుస్తకానికీ లింకు ఇవ్వండి. ఇంటర్నెట్ పెద్దగా తెలియని పెద్దవాళ్ళు మాత్రమే ఉన్న ఇంటికి కూడా ఇదే నా సలహా, ఎందుకంటే దీనికి ఏటా చేయాల్సిన పని దాదాపు ఏమీ ఉండదు. పుస్తకాలు బాగా అమ్ముడవుతున్న రచయిత అయితే ప్రచురణకర్తతో మాట్లాడి సైటు పెట్టండి, అందులో జాబితా, కొన్ని కథలు, ఆడియో, పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి, స్కాన్లు మాత్రం చేసి ఇంట్లో పెట్టుకోండి.

వారసులు ఒప్పుకోని ఇల్లు అన్నిటికంటే కష్టం. ఆస్తి తగాదాల మధ్య రచనలు కూడా ఇరుక్కుపోతాయి, ఎవరూ ఎవరికీ సంతకం ఇవ్వరు. అలాంటప్పుడు ఎవరినీ దాటి ఏదీ బయట పెట్టకండి, కానీ జాబితా చేయండి, స్కాన్ చేయండి, ప్రతి వారసుడికీ ఒక హార్డ్‌డిస్కు ఇచ్చేయండి, అందరి దగ్గరా అన్నీ ఉన్నాయని అందరికీ తెలిస్తే పట్టుదల కొంత సడలుతుంది. వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టిన రోజున ఒక పేజీ కాగితం సిద్ధంగా ఉంచుకోండి: పుస్తకం పేరు, ఏ లైసెన్సు, ఎవరెవరు సంతకం పెడుతున్నారు, రచయితతో చుట్టరికం ఏమిటి, తేదీ. పుస్తకానికొక కాగితం చాలు. మొదట అందరికీ అభ్యంతరం లేని ఒక్క పుస్తకంతో మొదలుపెట్టండి, పిల్లల కథలో, పాత వ్యాస సంపుటమో.